యమున ఫోన్‌లో రెండో బ్రౌజర్

మూడో రోజు కూడా గోదావరిలో యమున శవం దొరకలేదు.

డిటెక్టివ్ వేంకటరమణ ఒడ్డున నిలబడి నీళ్ళకేసి చూడడం లేదు. ఆమె చెప్పులు, ఫోను దొరికిన రాయినే చూస్తున్నాడు. అతనిది మంథని. పోలీసు శాఖలో చాలా ఏళ్ళు పనిచేసి, ఉద్యోగం వదిలేసి గోదావరిఖనిలో ఒక గది అద్దెకు తీసుకున్నాడు. పెళ్ళి సంబంధాల వాకబులు, బీమా తగాదాలు, అప్పుడప్పుడు పారిపోయిన పిల్లల్ని వెతికి పెట్టడం, ఇవే అతనికి వచ్చే పనులు. ఒక మనిషి చావుకు సంబంధించిన కేసు చేతికొచ్చి చాలా కాలమైంది. ఆ ఉదయం అతని నడకలో కొత్త హుషారు కనిపించింది. తర్వాత ఎప్పుడు ఆ హుషారు గుర్తొచ్చినా అతనికి తన మీద తనకే రోత పుట్టేది.

కేసు అప్పజెప్పింది యమున తల్లి సారక్క. భర్త బొగ్గుబావిలో పనిచేసి పోయాడు. ఒక్కతే కూతురు. అల్లుడు ప్రశాంత్ ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో డంపర్ నడుపుతాడు, చూడ్డానికి నెమ్మదస్తుడు, ఎవరితోనూ గట్టిగా మాట్లాడడు. అయినా కూతురు రెండుసార్లు పుట్టింటికి వచ్చేసింది. రెండోసారి తిరిగి పంపింది తానేనని సారక్క చెప్పుకుంది. చెప్పేటప్పుడు ఆమె ఏడవలేదు. కొంగు అంచును వేళ్ళకు చుట్టుకుంటూ, విప్పుతూ కూర్చుంది.

"నేనే సర్దిచెప్పి తోలిచ్చిన సారూ. నా బిడ్డ తనంతట తాను సచ్చే మనిషి కాదు. వాడే ఏదో జేసిండు."

చెప్పులు మొదట చూసిన చేపలాయన నర్సింగం ఇప్పుడు వేంకటరమణ పక్కనే నిలబడి ఉన్నాడు. ఎలా చూశావో అలాగే పెట్టి చూపించమంటే తన చెప్పులు విడిచి రాయి ముందు పెట్టాడు. ఫోను మాత్రం చెప్పుల పక్కన లేదట. రాయికి అవతలి వైపు, తూర్పున, పాలిథిన్ కవరులో చుట్టి ఉందట. పొద్దు వాలే వేళ అది మోగితే గాని అతనికి కనిపించలేదు.

వేంకటరమణ రాయి చుట్టూ తిరిగాడు. వైశాఖం ఎండ. మధ్యాహ్నం దాటాక నీడ పడేది తూర్పు వైపే. అంటే ఫోను పెట్టినవాళ్ళు మధ్యాహ్నం తర్వాత వచ్చారు, దాన్ని ఎండ తగలని చోట చూసి పెట్టారు. కవరులో చుట్టారు. దానికి తాళం లేదు. ఛార్జింగ్ నిండుగా ఉంది. అడుగుల సంగతి అడిగితే నర్సింగం తల అడ్డంగా ఊపాడు. నీళ్ళు పల్చబడ్డాయి. ఒక మనిషి మునిగే లోతు కావాలంటే బురదలో చాలా దూరం నడవాలి. ఆ బురదలో తన వలల వాళ్ళ అడుగులు తప్ప ఆడమనిషి అడుగు ఒక్కటి కూడా తాను చూడలేదని చెప్పాడు.

వేంకటరమణ లోపలే లెక్క కట్టుకున్నాడు. యమున ఈ నీళ్ళలో దిగలేదు. ఫోను పాడవకుండా దొరకాలని, దొరికినవాళ్ళు తెరిచి చూడాలని ఎవరో కోరుకున్నారు. ఆ రెండు మాటలూ నిజమే. అవి అతన్ని ఎటు తీసుకుపోవాలో అటు మాత్రం అతను పోలేదు.

ఎస్సై రఘుపతి స్టేషన్లో ఫైలు దాదాపు ముగించి కూర్చున్నాడు. ఒకప్పుడు ఇద్దరూ ఒకే గదిలో పనిచేశారు. ఆ తర్వాత రెండు కేసుల్లో వేంకటరమణ బయటినుంచి వచ్చి రఘుపతి తేల్చిన దాన్ని తప్పని చూపించాడు. రెండుసార్లూ పేపర్లో వచ్చింది. అప్పటినుంచీ రఘుపతి అతన్ని "అన్నా" అని పిలిచేటప్పుడు ఆ మాటలో ఒక ముల్లు ఉంటుంది.

ఆ రోజు సంతకం కోసం ప్రశాంత్‌ను పిలిపించాడు. గోడ పక్కన బెంచీ మీద కూర్చున్నాడతను. ముప్పై దాటిన మనిషి, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, అడిగితేనే తలెత్తుతున్నాడు.

రఘుపతి యమున ఫోను బల్ల మీద పెట్టి, క్రోమ్‌లో ఆమె వెతికినవాటి చరిత్ర తెరిచి చూపించాడు. ఆమె కనపడకుండా పోయిన సోమవారం ఉదయం నాలుగు ప్రశ్నలు ఉన్నాయి, నాలుగూ చావు గురించే. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలన్నది అతని మాట.

వేంకటరమణ ఆ నాలుగింటినీ చదివి, కిందికి జరిపి, ముందటి నెలల్లో ఏముందో చూశాడు. రోజుకు ఒకటో రెండో. సర్వపిండి ఎలా చెయ్యాలి. సీరియల్ నిన్నటి భాగం. సమ్మక్క పాట. మామిడికాయ తొక్కు. మూడు నెలలుగా ఒక ఆడమనిషి ఫోనులో అంతకుమించి ఏమీ లేకపోవడం అతనికి వింతగా తోచింది. అప్పుడు ఏ యాప్‌ను రోజుకు ఎంతసేపు వాడారో చూపించే పేజీ తెరిచాడు. క్రోమ్ రోజుకు కొద్ది నిమిషాలే ఉంది. దాని మీద, ప్రతి రోజూ గంటకు తగ్గకుండా, ఇంకో పేరు ఉంది. మొదటి తెరమీద కనపడని పేరు. యాప్‌లన్నీ తిప్పుకుంటూ పోతే చిట్టచివర, కాలిక్యులేటర్ పక్కన దొరికింది. చిన్న ఆకుపచ్చ గుర్తు.

అది ఇంకో బ్రౌజర్. మూసిన మరుక్షణం తాను చూపించినదంతా మరిచిపోయే రకం. చరిత్ర ఉండదు, ఖాతా ఉండదు. అక్షరాలు పెద్దవి చేసి ఉన్నాయి, భాష తెలుగులో పెట్టి ఉంది. తెరిస్తే ఖాళీ పేజీ. కింద ఒకే ఒక్క వెబ్‌సైటును యమున గుర్తుగా అతికించి పెట్టుకుంది.

ఆ సోమవారం ఉదయం, క్రోమ్ వాడిన వేళకు ముందూ వెనుకా కూడా ఈ ఆకుపచ్చ గుర్తును వాడినట్టు ఆ పేజీలోనే గీతలున్నాయి. వేంకటరమణ వాటిని చూశాడు. వాటి దగ్గర ఆగలేదు. అప్పటికే అతని మనసు బెంచీ మీద కూర్చున్న మనిషి మీదికి పోయింది.

ప్రశాంత్‌ను బల్ల దగ్గరికి పిలిచి కూర్చోబెట్టాడు. భార్య ఫోను నువ్వు చూసేవాడివా అని అడిగాడు. చూసేవాణ్ణేనని అతను దాచకుండా ఒప్పుకున్నాడు. చేతిలోకి తీసుకోనక్కర్లేదట. ఆమె క్రోమ్ ఖాతా తన ఫోనులో కూడా పెట్టుకున్నాడు. ఆమె ఇంట్లో కూర్చుని ఏం వెతికినా ఇతనికి గని దగ్గర కనిపిస్తుంది.

"సోమవారం ఆమె వెతికినవి చూసినవా?"

"చూసిన సార్."

"ఎప్పుడు?"

"టిఫిన్ డబ్బా ఇప్పినప్పుడు."

"ఫోన్ జేసినవా?"

ప్రశాంత్ చేతులకేసి చూసుకున్నాడు. "డ్యూటీల ఉన్న సార్. గసుంటియి ఆమె మస్తు జేస్తది, భయపెడదామని."

రఘుపతి కిటికీ వైపు తిరిగాడు. వేంకటరమణకు కోపం వచ్చింది. ఆ కోపమే అతన్ని తొందరపెట్టింది.

ఖాతా ఇద్దరి ఫోన్లలోనూ ఉన్నప్పుడు ఇతని ఫోనులో వెతికినా ఆమె చరిత్రలోనే చేరుతుందని రఘుపతికి వివరించాడు. ఆ నాలుగు ప్రశ్నలు యమునే అడిగిందని ఎలా నమ్మాలి అన్నాడు. రఘుపతి ఓపికగానే జవాబిచ్చాడు. మొదటి షిఫ్టు దిగేవరకూ ప్రశాంత్ డంపర్ మీదే ఉన్నాడు, దిగాక తోటి డ్రైవర్లతో కలిసి దావత్ సామాన్లకు లక్ష్మీనగర్ బజారులో తిరిగాడు, నలుగురు మనుషులు చెప్పారు. నదికి ఎప్పుడు పోయినట్టు? చంపి ఎక్కడ పెట్టినట్టు?

"అన్నా, తల్లి బాధ నాకు తెల్వదా. కని బాధను సాక్ష్యం కింద రాసుకోలేను గదా."

ఆ మాటకు వేంకటరమణ జవాబు చెప్పకుండా ఉంటే సరిపోయేది. అతను ఫోను తీసుకుని, ఆకుపచ్చ గుర్తును తెరిచి, తెరను రఘుపతికి కాదు, ప్రశాంత్‌కు చూపించాడు. అతని ముఖం ఎలా మారుతుందో చూడాలనుకున్నాడు.

యమున మనసులో మాట ఏదైనా దీంట్లోనే అడిగేది, నువ్వు చూసే దాంట్లో కాదు, అన్నాడు. మూడు నెలలుగా క్రోమ్‌లో తొక్కులు, పాటలు తప్ప ఏమీ వెతకని మనిషి చావు గురించి అక్కడికెళ్ళి ఎందుకు అడుగుతుంది? ఆమెకు ఈ రెండో బ్రౌజర్ ఉందని తెలియని చెయ్యి ఏదో అక్కడ ఆ ప్రశ్నలు పెట్టింది. అంతటితో ఆగలేదు. అడుగున అతికించి ఉన్న గుర్తు మీద వేలు పెట్టి పైకి చదివాడు.

"గోలేటి మహిళా కుట్టు కేంద్రం. శిక్షణ, వసతి. కుట్టుపని నేర్చుకుందామని రోజూ దీన్ని చూసుకునే ఆడపిల్ల సచ్చిపోదామనుకుంటదా రఘుపతీ?"

ప్రశాంత్ ముందుకు వంగి ఆ తెరను చూశాడు. అతని ముఖంలో భయం కనపడలేదు. తెలియని సంగతి తెలిసినవాడి ముఖం అది. చాలాసేపు చూసి, నెమ్మదిగా అడిగాడు.

"గిది ఎప్పటినుంచి ఉన్నది సార్?"

యాప్ పెట్టిన తేదీ చూసి, మూడు నెలల నుంచి అని వేంకటరమణే చెప్పాడు.

కాసేపటికి ప్రశాంత్ ఇంటికి పోయి స్నానం చేసి వస్తానని అనుమతి అడిగాడు. ఆపడానికి రఘుపతి దగ్గర ఏ కారణమూ లేదు. పొమ్మన్నాడు. బయట బండి స్టార్టయిన చప్పుడు వినిపించాక, ఫైలు మూసి వేంకటరమణ వైపు తిరిగాడు.

"నువ్వు తెలివిగలోనివే అన్నా. కాదన్నోడు లేడు. కని ఆ తెలివి పదిమంది ముంగట పెట్టకుంటె నీకు నిద్రవట్టది. అనుమానం ఉన్నోని ముంగట అన్నీ ఇప్పి చూపిస్తరా ఎవరన్న?"

వేంకటరమణ నవ్వాడు. ఓడినవాడి మాటలా వినిపించింది అతనికి. బయటికొచ్చి సారక్కకు ఫోన్ చేసి, చనిపోయే ఆలోచన నీ బిడ్డది కాదని రుజువైందని చెప్పాడు. ఆ తర్వాత చౌరస్తా దగ్గర హోటల్లో కూర్చుని తీరిగ్గా భోజనం చేశాడు. పెరుగు రెండోసారి అడిగి వేయించుకున్నాడు.

యమున ఫోను వెనక కవరు మీద ఒక దుకాణం స్టిక్కర్ ఉండడం అతను స్టేషన్లోనే చూశాడు. మార్కండేయ కాలనీలో చిన్న మొబైల్ షాపు. నడిపేది దీప అనే అమ్మాయి. పాలిటెక్నిక్ చదివి సొంతంగా పెట్టుకుంది. ఫోన్లో ఫోటోలూ మెసేజ్‌లూ మగవాళ్ళ చేతికివ్వడానికి జంకే ఆడవాళ్ళందరూ ఆమె దగ్గరికే వస్తారు.

వేంకటరమణ పేరు చెప్పి, యమున ఫోటో చూపించాడు. దీప ఒక్క చూపు చూసి, రోజుకు ఇంతమంది వస్తారు, గుర్తులేదంది. మళ్ళీ అడిగితే చేతిలో ఉన్న ఫోను తెర తుడవడం మొదలుపెట్టింది. ఆమె అబద్ధం చెబుతోందని తెలుస్తూనే ఉంది. భయపడి చెబుతోందనుకున్నాడు. భయం పోగొట్టడానికి తాను యమున తరఫు మనిషినని, ఆమె ఆత్మహత్య చేసుకోలేదని పొద్దున స్టేషన్లో తానే తేల్చానని చెప్పాడు. రెండో బ్రౌజర్ ఎలా దొరికిందో, అది ఎలా పట్టించిందో వరుసగా చెప్పుకొచ్చాడు.

దీప తుడవడం ఆపేసింది.

"స్టేషన్ల ఎవరెవరు ఉన్నరు సార్?"

"ఎస్సై, నేను. ఆమె భర్త."

"ఆయన ముంగటనే తెరిచిన్రా?"

అవునన్నాడు. దీప స్టూలు మీద కూర్చుండిపోయింది. తర్వాత లేచి షట్టరు సగం దించి, జరిగింది చెప్పింది.

యమున మూడు నెలల కింద వచ్చింది. ఫోను పాతది, చోటు తక్కువ. క్రోమ్ కాకుండా ఇంకో బ్రౌజర్ కావాలని అడిగింది. ఎందుకని దీప అడగలేదు, మెడ పక్కన మచ్చ చూసి అర్థం చేసుకుంది. ఇద్దరూ కూర్చుని ఒక్కొక్కటే పెట్టి చూశారు. మొదటిది తేలికగా, వేగంగా ఉంది గాని ఊరికే వార్తలు తెరమీదికి తోసేది. వద్దంది యమున. అన్నం తినేటప్పుడు టింగుమంటే ఆయన చూస్తాడంది. రెండోది బాగుంది, ప్రకటనలు ఆపుతుంది, వేలిముద్రతో తాళం కూడా వేసుకోవచ్చు. కాని ఖాతా తెరవమంది. ఖాతా అంటే మళ్ళీ ఎక్కడో ఒకచోట రాసి ఉండడమే కదా అని యమున భయం. తాళం మాట చెబితే, తాళం వేస్తే తాళంచెవి అడుగుతాడంది. మూడోది ఇది. ఖాతా అక్కర్లేదు, చప్పుడు చెయ్యదు, మూస్తే అంతా తుడిచేస్తుంది, తెలుగు అక్షరాలు పెద్దగా కనిపిస్తాయి. దాన్నే ఎంచుకుంది.

"ఒక్కటే కష్టమైంది. మూసినప్పుడల్ల మరిచిపోతది గదా, ప్రతిసారి అడ్రస్ ఇంగ్లీషుల కొట్టాలె. ఆమెకు స్పెల్లింగ్ రాకపోయేది. అందుకని ఆ కుట్టు కేంద్రం ఒక్కటి నేనే గుర్తు పెట్టిచ్చిన." దీప గొంతు తగ్గింది. "అన్నీ మరిచిపొమ్మని చెప్పి, గదొక్కటి యాది పెట్టుకొమ్మన్న సార్. నేను పెట్టకపోయినా బాగుండు."

క్రోమ్‌ను తీసేద్దామా అని ఆ రోజే దీప అడిగిందట. యమున వద్దంది. ఖాళీగా ఉంటే అనుమానం వస్తుందంది. ఆ తర్వాత నుంచి క్రోమ్‌లో ఆయన చూడడానికని రోజుకు ఒకటి రెండు వంటలు, పాటలు వెతికేది. ఆయనకు ఏది కనిపించాలో అది అందులో పెట్టేది.

వేంకటరమణకు ఆ మాట చెవిన పడ్డాక అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. క్రోమ్‌లో ఉన్నదంతా భర్త చూడాలని పెట్టింది. మరి చావు గురించి ఆ నాలుగు ప్రశ్నలు? అవీ ఆయన చూడాలనే. ఫోను నీడలో పెట్టి, కవరులో చుట్టి, నిండుగా ఛార్జింగ్ చేసి పెట్టిన చెయ్యి కూడా ఆమెదే. బురదలో అడుగులు లేకపోవడం కూడా అందుకే.

"బతికే ఉన్నదా?" అన్నాడు. అడిగినట్టు లేదు, బతిమాలినట్టు ఉంది.

దీప తలూపింది. "గోలేటిలనే ఉన్నది. నేనే బస్సెక్కిచ్చిన."

సంతోషించాల్సిన మాట. అతను మాత్రం గడియారం చూసుకున్నాడు. గోలేటి పేరు పొద్దున తాను ప్రశాంత్ ముందు పైకి చదివాడు. అతను బండెక్కి వెళ్ళి రెండు గంటలు దాటింది, గోలేటి చేరడానికి అది చాలు. అందులో ఎక్కువ భాగం తాను భోజనం ముందు కూర్చున్నాడు.

దీప అప్పటికే ఫోన్ తీసి కుట్టు కేంద్రం నడిపే పూలమ్మకు చేస్తోంది. మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. వేంకటరమణ రఘుపతికి చేశాడు. ఉన్నది ఉన్నట్టు, తన తప్పుతో సహా చెప్పాడు. మాటతో పొడుస్తాడనుకున్నాడు. రఘుపతి ఒక్క మాట కూడా అనలేదు. లైన్లోనే ఉండమని, కానిస్టేబుల్‌ను ప్రశాంత్ క్వార్టర్‌కు తరిమాడు. వెనక్కి మాట వచ్చేసరికి దీప నాలుగోసారి ప్రయత్నిస్తోంది.

"ఇంటికి తాళమున్నది అన్నా. పక్కోళ్ళు ఈయన పొద్దటి సంది రానేలేదంటున్నరు. గోలేటి నా కిందికి రాదు, అక్కడోళ్ళకు చెప్తున్న. నువ్వు ఆమెను ఎటన్న దాక్కొమ్మను. జల్ది."

అంతలో దీప ఫోను అవతల ఎత్తారు. కుట్టుమిషన్ల చప్పుడులో పూలమ్మకు మొదట ఏమీ వినపడలేదు. దీప గట్టిగా, డిటెక్టివ్ వేంకటరమణ సార్ యమునతో మాట్లాడాలంటున్నాడని, సారక్కే ఆయన్ని పెట్టుకుందని చెప్పింది. పూలమ్మ ఫోను లోపలికి తీసుకుపోయి ఇచ్చి, మళ్ళీ వరండాలోకి వెళ్ళినట్టుంది. దీప తన ఫోను వేంకటరమణ చేతికిచ్చింది.

"ఎవలు?" అంది ఒక గొంతు.

పొద్దుటినుంచీ అతను చచ్చిపోయిన మనిషిగా లెక్కలు కట్టిన ఆడపిల్ల గొంతు. చాలా మామూలుగా, కొంచెం జలుబు చేసినట్టు ఉంది. వేంకటరమణ తానెవరో చెప్పాడు. ప్రశాంత్‌కు గోలేటి సంగతి తెలిసిపోయిందని, ఆ చోటు వదిలి వెంటనే ఏదైనా ఇంట్లోకి పొమ్మని చెప్పాడు.

అవతల మిషన్లు నడుస్తూనే ఉన్నాయి. యమున కదిలిన జాడ లేదు.

"ఎట్ల తెలిసింది సార్? నేను అన్నీ జూసుకున్న. పోయిన్నంటె ఎతుకుతడు, సచ్చిన్నంటె ఊకుంటడనే గట్ల జేసిన. కన్న అవ్వకు గూడ చెప్పలే. చెప్తె ఏడ్వదు, ఏడ్వకపోతె ఆయన పట్టుకుంటడు." ఆగి, ఎవరికో సంజాయిషీ ఇస్తున్నట్టు చెప్పింది. "ఆ రోజు గూడ గా మాటలు కొట్టినంక మధ్యాన్నం దాక ఆగిన సార్. జూసి ఉరికొస్తడేమో అని. వస్తె పోకపోదును. అన్నం గూడ వండిపెట్టిన. రాలే."

వేంకటరమణకు టిఫిన్ డబ్బా విప్పుకుని కూర్చున్న మనిషి కళ్ళముందు మెదిలాడు. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.

"ఎవరు చెప్పిన్రు సార్ ఆయనకు?" అని యమున మళ్ళీ అడిగింది.

ఫోను ఎలా పట్టించిందో చెప్పి తప్పించుకునే వీలుంది. అతను ఆ పని చెయ్యలేదు.

"నేనే చెప్పిన బిడ్డా. నువ్వు సచ్చిపోయినవనుకున్న. ఆయన్ని పట్టిద్దామనుకున్న."

ఆమె తిట్టలేదు. కోపం కూడా తెచ్చుకోలేదు.

"మా అవ్వ కోసం జేసిన్రు గదా. మీరేం జేస్తరు."

ఆ మాట కంటే తిట్టు నయమనిపించింది అతనికి. లేచి వెనక తలుపు గుండా పొమ్మని మళ్ళీ చెప్పాడు. బట్టలు, సామాన్లు చూసుకోవద్దన్నాడు. పోతున్నానంది. వెంటనే ఆమె గొంతు సన్నబడిపోయింది.

"బండి ఆగింది సార్."

ఫోను ఏదో గట్టిదాని మీద పెట్టిన చప్పుడు. చెప్పులు లేని కాళ్ళు నేల మీద పరుగెత్తిన చప్పుడు. లైను తెగలేదు. ఒకటి తర్వాత ఒకటిగా మిషన్లు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో, వరండాకు అవతల, దూరంగా, పొద్దున స్టేషన్లో విన్న ఆ నెమ్మదైన గొంతు వినిపించింది.

"అమ్మా, సారక్క తరపున వచ్చిన. యమున కోసం. డిటెక్టివ్ వేంకటరమణ సార్ పంపిచ్చిండు."

"ఔనా నాయినా," అంది పూలమ్మ. "గిప్పుడే ఆ సారే ఫోన్ల మాట్లాడుతుండు. ఆగు, వస్తున్న."

తియ్యొద్దని వేంకటరమణ అరిచాడు. దీప కూడా అతని చేతిలోంచి ఫోను లాక్కుని అరిచింది. బల్ల మీద వదిలేసిన ఆ ఫోను దగ్గర వినేవాళ్ళు ఎవరూ లేరు. పూలమ్మ చెప్పులు ఈడ్చుకుంటూ గేటు దాకా నడవడం, గొళ్ళెం పక్కకు జరగడం వాళ్ళిద్దరికీ స్పష్టంగా వినిపించాయి.